పరిశోధన రూపకల్పన, శాంపిలింగ్ రూపకల్పన: మడివాళ ఉదాహరణతో

ఒక అధ్యయనం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోంది, ఆ జవాబు నిలబడాలంటే ఎవరిని ఎవరితో పోల్చాలి, ఎప్పుడు, ఎన్నిసార్లు కొలవాలి అన్నవి తేల్చేది పరిశోధన రూపకల్పన. కళాశాలల్లో దీన్నే రీసెర్చ్ డిజైన్ అంటారు. ఆ కొలతలు ఎవరి దగ్గర తీసుకోవాలి, వాళ్లను ఏ జాబితాలోంచి, ఏ పద్ధతిలో, ఎంతమందిని ఎంచుకోవాలి అన్నవి తేల్చేది శాంపిలింగ్ రూపకల్పన. మొదటిది సరిగా ఉంటే మనం చెప్పే కార్యకారణం నిజమవుతుంది. రెండోది సరిగా ఉంటే కొందరి దగ్గర తేలిన సంగతి మిగతా అందరికీ వర్తిస్తుంది. ఒకదానిలో జరిగిన లోపాన్ని రెండోదానితో పూడ్చలేం. ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

మన విశ్వవిద్యాలయాల్లో విరివిగా చదివే సి.ఆర్. కొఠారి పరిశోధనా పద్ధతుల పుస్తకం పరిశోధన రూపకల్పనను నాలుగు భాగాలుగా చూస్తుంది: శాంపిలింగ్, పరిశీలన, గణాంకం, అమలు. ఆ లెక్కన శాంపిలింగ్ రూపకల్పన పెద్దదానిలో ఒక భాగమే. విభజన సరైనదే కానీ, చాలా థీసిస్‌లలో అది తలకిందులవుతుంది. మూడో అధ్యాయంలో "నాలుగు వందల మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేశాం" అని ఒక వాక్యం రాసి, పరిశోధన రూపకల్పన అయిపోయిందనుకుంటారు. ఆ నాలుగు వందల మందిని ఎవరితో పోల్చారో, ఏ కాలంలో కొలిచారో, ఫలితాన్ని వేరే కారణం కూడా వివరించగలదేమో ఎక్కడా ఉండదు.

మడివాళలో ఒక ప్రశ్న

బెంగళూరు ఆగ్నేయాన హోసూరు రోడ్డును ఆనుకుని ఉన్న మడివాళను ఉదాహరణగా తీసుకుంటే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. సిల్క్ బోర్డ్ కూడలి, బీటీఎం లేఅవుట్, కోరమంగళ దీని చుట్టుపక్కలే. ఐటీ ఉద్యోగాల కోసం, శిక్షణ కోసం వచ్చిన తెలుగు యువతీయువకులు ఇక్కడి పేయింగ్ గెస్ట్ వసతుల్లో (పీజీల్లో) పెద్ద సంఖ్యలో ఉంటారు. వీధి వీధినా ఆంధ్రా భోజనం బోర్డులు కనిపిస్తాయి. వారాంతాల్లో తిరుపతి, నెల్లూరు, విజయవాడ, హైదరాబాద్ వైపు వెళ్లే ప్రైవేటు బస్సుల కోసం రాత్రిపూట రోడ్డు పక్కన జనం బ్యాగులతో నిలబడి ఉంటారు.

ఒక విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకున్నాడనుకుందాం. మొదటిది: మడివాళ పీజీల్లో ఉండే తెలుగువాళ్లలో ఎంతమందికి రక్తపోటు ఎక్కువగా ఉంది? రెండోది: ఊరు వదిలి బెంగళూరు రావడం వల్లే రక్తపోటు పెరుగుతోందా?

మొదటి ప్రశ్నకు ఒకసారి కొలిస్తే చాలు, పోలిక అక్కర్లేదు. దాని భారమంతా శాంపిలింగ్ మీదే పడుతుంది, అదేమీ తేలిక పని కాదు. మడివాళ పీజీల్లో ఉండే తెలుగువాళ్ల జాబితా ఎవరి దగ్గరా లేదు. ఓటర్ల జాబితా చూద్దామంటే వీళ్లలో చాలామందికి ఓటు సొంతూళ్లోనే ఉంటుంది. నగరపాలక యంత్రాంగం దగ్గరి ట్రేడ్ లైసెన్సుల జాబితా తీసుకుంటే లైసెన్సు లేని పీజీలు జారిపోతాయి. వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నావళి పంపితే జవాబిచ్చేది తీరిక ఉన్నవాళ్లు, ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు.

జాతీయ నమూనా సర్వే ఈ చిక్కును పద్ధతిగా దాటుతుంది. నగరాన్ని చిన్న చిన్న బ్లాకులుగా విడగొట్టి, కొన్ని బ్లాకులను లాటరీ పద్ధతిలో ఎంచుకుంటారు. ఎంచుకున్న బ్లాకులో క్షేత్ర సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి జాబితా రాస్తారు. హాస్టల్లోనో లాడ్జిలోనో విడిగా ఉంటున్న ఒక్కో మనిషినీ ఆ సర్వే ఒక్కో కుటుంబంగా లెక్కిస్తుంది. మడివాళలాంటి చోట ఈ నియమం ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు. అది లేకపోతే ముగ్గురేసి ఉండే గదులతో నిండిన నాలుగంతస్తుల పీజీ మొత్తం లెక్కలో ఒక ఇల్లయి కూర్చుంటుంది.

విద్యార్థి దగ్గర అంత సిబ్బంది ఉండరు కాబట్టి శుక్రవారం రాత్రి బస్సుల దగ్గర నిలబడి కనిపించినవాళ్లను అడుగుదామనుకుంటాడు. ఇదీ ఒక పద్ధతే. స్థిరమైన చిరునామా లేని జనాన్ని వాళ్లు కలిసే చోట, కలిసే వేళ ఎంచుకోవడాన్ని స్థల–కాల శాంపిలింగ్ అంటారు. కానీ లెక్క తప్పకుండా వేయాలి. ప్రతి వారం ఊరెళ్లేవాడు ఆ శుక్రవారం అక్కడ కనిపించే అవకాశం, నెలకొకసారి వెళ్లేవాడితో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు. అందుకే ప్రతి ఒక్కరినీ "నెలకెన్నిసార్లు వెళ్తారు?" అని అడిగి, నాలుగుసార్లు వెళ్లేవాడి జవాబుకు పావు వంతు బరువు ఇవ్వాలి. ఇంత చేసినా అసలు ఊరికి వెళ్లనివాడు, రైల్లో వెళ్లేవాడు శాంపిల్‌లోకి రానే రాడు. ఎంపికయ్యే అవకాశం తక్కువగా ఉన్నవాళ్లకు బరువు పెంచి సరిచేయవచ్చు. అవకాశం సున్నా అయినవాళ్లను ఏ సూత్రమూ తిరిగి తేలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. మొదటిదానికి లోటులేని శాంపిల్ దొరికిందనుకుందాం. మడివాళలోని ప్రతి పీజీకీ వెళ్లి ప్రతి తెలుగు మనిషికీ రక్తపోటు కొలిచారనుకుందాం. శాంపిలింగ్ లోపం మిగలదు. అయినా రెండో ప్రశ్నకు జవాబు ఒక్క అడుగు కూడా ముందుకు కదలదు. ఊళ్లోనే ఉండిపోయి ఉంటే వాళ్ల రక్తపోటు ఎంత ఉండేదో ఆ కొలతల్లో లేదు. చదువుకున్నవాళ్లు, కాస్త ఉన్న కుటుంబాలవాళ్లు ఎక్కువగా నగరానికి వస్తారు కాబట్టి ఊళ్లో ఉన్న ఎవరితోనో పోల్చినా సరిపోదు. ఇక్కడ కావలసింది తగిన పోలిక, లేదా వచ్చిన మొదటి నెల నుంచి ఏళ్ల తరబడి వాళ్లనే వెంబడించి కొలవడం. మరో వెయ్యిమందిని చేర్చినంత మాత్రాన ఇది సమకూరదు.

అన్నదమ్ములను పోల్చిన అధ్యయనం

ఈ రెండో ప్రశ్నలాంటిదాన్నే 2005–2007 మధ్య ఇండియన్ మైగ్రేషన్ స్టడీ ఎత్తుకుంది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోని పెద్ద కర్మాగారాల్లో పనిచేస్తున్నవాళ్లలో పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లను, వాళ్ల జీవిత భాగస్వాములను గుర్తించారు. హైదరాబాద్‌లో ఆ కర్మాగారం బీహెచ్‌ఈఎల్. ప్రతి వలస వ్యక్తినీ ఊళ్లోనే ఉండిపోయిన తోబుట్టువును పిలిపించమని అడిగారు. వీలైతే మగవాడికి అన్నో తమ్ముడో, ఆడమనిషికి అక్కో చెల్లెలో, అదీ వయసులో దగ్గరివాళ్లు కావాలన్నారు. నగరంలోనే పుట్టి పెరిగిన కార్మికుల్లో కొందరిని కూడా పోలిక కోసం తీసుకున్నారు.

తోబుట్టువుల పోలికతో చాలా చిక్కులు ఒక్కసారిగా తొలగిపోతాయి. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, చిన్నప్పుడు ఒకే వంట. ఒకరు ఊరు వదిలారు, ఒకరు వదల్లేదు. ఆ తర్వాత వచ్చిన తేడాలో నగరం పాత్ర ఎంతో కొంత బయటపడుతుంది. మగవాళ్లలో మధుమేహం పల్లెలో ఉన్నవాళ్లకు 6.2 శాతం, వలస వచ్చినవాళ్లకు 14.3 శాతం, నగరంలోనే పెరిగినవాళ్లకు 13.5 శాతం ఉన్నట్టు 2010లో వెలువడిన ఫలితాలు చూపాయి.

నా దృష్టిలో పరిశోధన రూపకల్పన అంటే ఏమిటో తెలుగు విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. అదే సమయంలో దాని శాంపిల్ ఇరుకైనది. అవన్నీ పెద్ద కర్మాగారాల ఉద్యోగాలు. జీతం, స్థిరత్వం ఉన్న కార్మికులు వాళ్లు. మేస్త్రీ పనికో, హోటల్ పనికో, సెక్యూరిటీ గార్డుగానో వచ్చినవాళ్లు అందులో లేరు. కాబట్టి "వలస మధుమేహాన్ని పెంచుతోంది" అన్న మాటకు ఆ అధ్యయనం గట్టి ఆధారం. "దేశంలోని వలస కార్మికుల్లో ఇంత శాతానికి మధుమేహం ఉంది" అనడానికి మాత్రం దాన్ని వాడకూడదు.

కళ్లు, బడులు, ఉప్మా

ఈ వలస అధ్యయనానికి సరిగ్గా ఎదురు వైపున ఉంటుంది ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996–2000 మధ్య చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం. దాని పరిశోధన రూపకల్పన చాలా సాదా: ఒకసారి వెళ్లి, కళ్లు పరీక్షించి, ఎంతమందికి చూపు లేదో లెక్కించడం. శ్రమంతా శాంపిలింగ్‌లో ఉంది. హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలను తీసుకుని, వాటిలో 94 క్లస్టర్లను దశలవారీగా ఎంచుకున్నారు. 24 క్లస్టర్లు నగరానివి, 70 పల్లెలవి. మొత్తం 10,293 మంది పరీక్షకు వచ్చారు. ఎంపికైన వాళ్లలో ఇది 87 శాతానికి పైనే. ఈ శాతాన్ని చాలా నివేదికలు దాచేస్తాయి గానీ శాంపిల్ సైజుకంటే ఇదే ఎక్కువ చెబుతుంది. రాష్ట్ర జనాభాకు సరిచేసి చూస్తే అంధత్వం 1.84 శాతమని తేలింది. అంధత్వానికి కారణమేమిటో నిరూపించడం దాని లక్ష్యం కాదు కాబట్టి, అన్నదమ్ముల పోలిక లేదని దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

రెండు రూపకల్పనలూ బలంగా కలిసివచ్చినది ఆంధ్రప్రదేశ్ బడుల ప్రయోగం. దీన్ని 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రూపొందించారు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ క్షేత్రంలో నడిపింది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల నుంచి 5 జిల్లాలు, జిల్లాకు 10 మండలాలు, మండలానికి 10 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు, మొత్తం 500 బడులు. బడిలో పిల్లల సంఖ్య ఎక్కువైతే ఎంపికయ్యే అవకాశం కూడా ఎక్కువయ్యేలా చూశారు. ఇంతవరకు శాంపిలింగ్.

ఆ తర్వాత ఇంకో లాటరీ వేశారు. ప్రతి మండలంలోని పది బడుల్లో రెండింటిలో పిల్లల మార్కులను బట్టి ఒక్కో టీచరుకు విడిగా బోనస్, రెండింటిలో టీచర్లందరికీ కలిపి బోనస్, రెండింటికి అదనపు కాంట్రాక్టు టీచరు, రెండింటికి నగదు గ్రాంటు, మిగిలిన రెండు పోలిక కోసం ఏమీ ఇవ్వకుండా ఉంచారు. ఇది పరిశోధన రూపకల్పన. మొదటి లాటరీ రాష్ట్రంలోని పల్లె బడులను ఆ 500లోకి తెచ్చింది. రెండో లాటరీ ఆ 500 మధ్య పోలికకు న్యాయం చేసింది. రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు పోలిక బడుల పిల్లలకంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. యాదృచ్ఛిక ఎంపిక, యాదృచ్ఛిక కేటాయింపు రెండూ లాటరీలే కాబట్టి విద్యార్థులు ఒకటే అనుకుంటారు. ఈ 500 బడుల కథ చదివాక ఆ పొరపాటు జరగదు.

అదే పరిశోధకులు 180 గ్రామాల్లో ప్రైవేటు బడి వోచర్లపై చేసిన ప్రయోగంలో లాటరీని రెండంచెలు చేశారు. ముందు గ్రామాలకు, తర్వాత వోచర్ వచ్చిన గ్రామాల్లో దరఖాస్తు పెట్టిన కుటుంబాలకు. వోచర్ రాని పొరుగు పిల్లలపై కూడా ప్రభావం పడుతుందా అన్న ప్రశ్న ముందే మనసులో ఉన్నందువల్లే లాటరీ అలా రెండంచెలైంది. ప్రశ్న ముందు పుట్టి, రూపకల్పన దాని వెనక నడవాలనడానికి ఇది మేలైన ఉదాహరణ.

హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల పోషకాహార ప్రయోగం ఇంకో సంగతి చెబుతుంది. 1987–1990 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా అందించింది. 14 గ్రామాలు పోలికకు ఉన్నాయి. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఆ గ్రామాల పంపకం లాటరీతో జరగలేదు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పటికే మొదలైన ప్రాంతం ఒకవైపు, ఇంకా మొదలుకానిది రెండోవైపు. కాబట్టి ఎత్తులో తేడాకు ఉప్మా కాక ఊళ్ల మధ్య ఇంకే తేడా అయినా కారణమా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రతి ఇంటినీ చేర్చుకున్నా ఆ ప్రశ్న పోదు.

వేర్వేరు మూలాలు

ఈ రెండు శాస్త్రాల పుట్టుక కూడా వేరే. ప్రయోగాల రూపకల్పన ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఆర్.ఎ. ఫిషర్ చేతుల్లో పెరిగింది. ఆయన పుస్తకం 1935లో వచ్చింది. శాంపిల్ సర్వేలకు సిద్ధాంత పునాది 1934లో జెర్జీ నేమన్ పత్రంతో పడింది. మన దేశంలో గణాంకవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట సర్వేలతో మొదలుపెట్టి 1950లో జాతీయ నమూనా సర్వే దాకా తెచ్చారు.

తెలుగువాళ్ల వంతు రెండు పాయల్లోనూ ఉంది. కర్ణాటకలోని హూవిన హడగలిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావు 1947లో ప్రతిపాదించిన ఆర్థోగోనల్ అర్రేలు ప్రయోగ రూపకల్పనలో ప్రపంచమంతా వాడే సాధనాలు. ఆయన 2023లో కన్నుమూశారు. శాంపిలింగ్ వైపు జె.ఎన్.కె. రావు ఉన్నారు. హార్ట్‌లీ, కాక్రన్‌లతో కలిసి 1962లో ఆయన ఇచ్చిన ఎంపిక విధానం ముగ్గురి పేరుతోనే ప్రసిద్ధం. క్లస్టర్లు, బరువులు ఉన్న సర్వేలకు మామూలు కై–స్క్వేర్ పరీక్షను ఎలా సరిచేయాలో స్కాట్‌తో కలిసి 1981లో చూపారు.

ఆ చివరి సంగతి మడివాళకు సూటిగా వర్తిస్తుంది. ఒకే పీజీలో ఉండేవాళ్లు ఒకే మెస్సులో తింటారు, తరచూ ఒకేలాంటి షిఫ్టుల్లో పనిచేస్తారు, జబ్బు కూడా కలిసే తెచ్చుకుంటారు. ఒక్కో పీజీ నుంచి 20 మంది చొప్పున 20 పీజీల్లో 400 మందిని తీసుకుని, లోపలి పోలిక సూచిక (ఒకే పీజీవాళ్లు ఒకరినొకరు ఎంతగా పోలి ఉంటారో చెప్పే సంఖ్య) 0.1 అనుకుంటే, శాంపిల్ సైజును దేనితో భాగించాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 19 × 0.1, అంటే 2.9. ఆ 400 మంది నిజానికి విడివిడిగా ఎంచుకున్న 138 మందితో సమానం. కంప్యూటర్ ప్యాకేజీ మాత్రం 400 అనుకుని "ఫలితం ప్రాముఖ్యమైనది" అని ప్రకటిస్తుంది. ఇదే లెక్క పరిశోధన రూపకల్పనలోనూ అవసరం. ఏ పీజీ మెస్సులో ఉప్పు తగ్గించాలో, ఏ మెస్సును మార్చకుండా వదలాలో లాటరీ వేసే ప్రయోగమైతే, అక్కడ లెక్కకు వచ్చేది మనుషుల సంఖ్యకంటే పీజీల సంఖ్య. రెండు రూపకల్పనలూ తాకే చోటు ఇది. అక్కడే ఎక్కువ మంది తడబడతారు.

సంఖ్య మీద మోజు పాతదే. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి ఓటింగ్ కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకుని, లాండన్ గెలుస్తాడని చెప్పింది. గెలిచింది రూజ్‌వెల్ట్. టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల వైపు ఒరిగిన ఎంపిక, జవాబు పంపడానికి సిద్ధపడ్డవాళ్ల తీరు కలిసి ఆ పత్రికను ముంచాయి.

కొద్దిమందితోనే సాగే పరిశోధన

పైన చెప్పినవన్నీ సంఖ్యల అధ్యయనాలు. వాటికి భిన్నంగా, 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసిన ఎస్.సి. దూబే ఒక్క ఊరినే తీసుకున్నారు. 1955లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ సామాజిక శాస్త్ర విద్యార్థులకు పాఠమే. ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలు కూడా మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూరులను కావాలనే ఎంచుకున్నాయి. ఊరికి 40 కుటుంబాలు: భూమిలేని కూలీలు 10, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి. ఊళ్లో కూలీలు ఎంతమంది ఉన్నారో ఈ సంఖ్య చెప్పదు, చెప్పాలని పెట్టిందీ కాదు. ఏళ్ల తరబడి అవే కుటుంబాలను వెంబడించి, కరవు వస్తే అప్పు ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరిని ఆదుకున్నారు అని చూడడమే దాని బలం. ఆ సమాచారంతో రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో గ్రామాల్లో పరస్పర భద్రతపై రాసిన పత్రాన్ని ప్రపంచమంతా చదివింది. ఊళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకోలేదు కాబట్టి ఇలాంటివి అశాస్త్రీయమనడం, ప్రశ్న ఏమిటో చూడకుండా తీర్పు చెప్పడమే.

మడివాళ పీజీల మీదో, తమ ఊరి వలస మీదో థీసిస్ మొదలుపెట్టబోయే విద్యార్థులకు, వాళ్ల గైడ్లకు ఒక విన్నపం. ప్రశ్నావళి అచ్చు వేయించకముందే రెండు వేర్వేరు కాగితాలు తీసుకోండి. ఒకదాని మీద ఎవరిని ఎవరితో, ఎప్పుడు పోలుస్తున్నారో, మీ ఫలితాన్ని వేరే ఏ కారణం వివరించగలదో రాయండి. రెండోదాని మీద మీ జాబితా ఎక్కడిది, ఎంపికయ్యే అవకాశం సున్నాగా ఉన్నవాళ్లు ఎవరు, అడిగినవాళ్లలో ఎందరు జవాబిచ్చారు అన్నది రాయండి. ఆ రెండు కాగితాలనూ థీసిస్‌లో అలాగే అచ్చు వేయండి.